బీడు పెట్టిన సంవత్సరం



"అయ్యగారూ, మా వాడు కంప్యూటరులో హంతకుల ఆట ఆడుతున్నాడు, మాన్పించమంటారా?" అని అడిగే తల్లిదండ్రులున్నారు. ఆ ఆట పేరు అస్సాసిన్స్ క్రీడ్. జవాబు చెప్పకముందు దాని సంగతి తెలిసికొనుట మంచిది.

దీనిని చేయునది యూబీసాఫ్ట్ అను ఫ్రెంచి కంపెనీ. 2007లో వచ్చిన మొదటి ఆటలో క్రూసేడు యుద్ధాల నాటి, అనగా 1191 నాటి, యెరూషలేము, దమస్కు పట్టణాలు కనబడతాయి. ఆడేవాడు తనకిష్టమైన వీధిలో తిరగవచ్చు, గోడలెక్కవచ్చు. జనానికి నచ్చింది. ఇక కంపెనీ ఊరుకుంటుందా? 2009 నుండి 2015 వరకు ఏటా ఒక పెద్ద ఆట తప్పక విడుదల చేసింది. 2014లోనైతే రెండు! ఆ ఏడు పారిస్ నగరం మీద వచ్చిన ఆట తప్పుల తడకగా బయటికొచ్చింది. కొందరి కంప్యూటర్లలో మనుషులకు ముఖం లేక కళ్లు, పళ్లు మాత్రమే కనబడ్డాయి. కంపెనీవారు బహిరంగంగా క్షమాపణ చెప్పుకొన్నారు.

ఏటా అదే పంట వేస్తే చేనికి సత్తువ ఉండదని మన రైతులకు వేరే చెప్పాలా? లేవీయకాండము 25వ అధ్యాయములో ఏడవ యేట భూమికి విశ్రాంతి నియమించిన దేవుడు నేల సంగతి ఎరిగినవాడు. 2016లో ఈ కంపెనీ ఈ వరుసలో పెద్ద ఆట ఏదీ తేకుండా ఆగింది. వారు చేసింది లాభం కొరకే, వాక్యం చదివి కాదు; అయినను ఆగారు.

2017 అక్టోబరులో వచ్చిన ఆరిజిన్స్ కొత్త ఆటవలె ఉంది. దాని మీద ఒక బృందం దాదాపు నాలుగేళ్లు పనిచేసింది. పోరాడే తీరు మార్చారు, ఇరుకు వీధుల స్థానంలో క్లియొపాత్రా నాటి ఐగుప్తు దేశాన్ని పరిచారు. నైలు నది, పిరమిడ్లు, అలెక్సంద్రియ దీపస్తంభం అన్నీ ఉన్నాయి.

కథ మాత్రం మారలేదనే నా అభిప్రాయం. కుమారుని పోగొట్టుకొన్న బాయెక్ అనువాడు, చంపినవారిని ఒక్కొక్కరిని వెదకి చంపుతాడు. ఆ తండ్రి దుఃఖం నిజమైనదే. కాని పగతీర్చుకొనుట ఎవరి పనియో రోమా 12:19 చదివినవారికి తెలుసు. యూరప్‌లో దీనికి 18 ఏళ్ల హద్దు పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇది తగదు. ఈ మాట నేను మొహమాటం లేకుండా చెబుతాను.

అయితే 2018 ఫిబ్రవరిలో అదే ఐగుప్తులో డిస్కవరీ టూర్ అను భాగాన్ని ఇచ్చారు. ఆట కొన్నవారికి అది ఉచితం. అందులో కత్తి లేదు, పగ లేదు, ఎవరూ చావరు. చరిత్రకారుల సాయంతో చేసిన 75 యాత్రలున్నాయి. పిరమిడ్లు ఎట్లు కట్టారో, శవాలను ఎట్లు భద్రపరిచారో నడుస్తూ వినవచ్చు. ఇంత మంచి పని ఆటలోని హత్యల చాటున ఉండిపోవడం విచారకరం.

గనుక అడిగిన తండ్రికి నా జవాబు ఇది. తీగ పీకివేయకముందు కుర్చీ లాగి వాడి పక్కన కూర్చోండి. ఆ యాత్ర తెరిచి అలెక్సంద్రియ చూపించమనండి. అపొల్లో పుట్టిన ఊరది (అపొ. కార్యములు 18:24). మీటలు వాడికి తెలుసు, అపొల్లో ఎవరో మీరు చెప్పండి.