పాటే ఫిరంగి!

పాటకి పాము తలాడించడం మన తెరమీద బోలెడుసార్లు చూశాం. పాటకి శత్రుసైన్యమే దిమ్మెరపోతే? జపాన్ వాళ్ళు ఆ ముచ్చటా తీర్చారు లెండి!

1982లో అక్కడ టీవీకొచ్చిన బొమ్మల సీరియల్ ‘మాక్రాస్’. అందులో శత్రువులు సుమారు 10 మీటర్ల ఎత్తున్న అంతరిక్ష రాక్షసులు. వాళ్ళతో కలబడాలంటే మనకీ అంత ఒళ్ళుండాలిగా! అందుకే షోజీ కవామొరి గీసిన యుద్ధవిమానానికి రెప్పపాటులో కాళ్ళూ చేతులూ మొలుస్తాయి, భారీ రోబో అయి కూర్చుంటుంది. ఈలలు పడే ఘట్టం అదే.

నన్ను పట్టేసింది మాత్రం మిన్‌మే. బాబాయిగారి చైనా హోటల్లో సాయపడే పిల్ల, చూస్తుండగానే పెద్ద గాయని అవుతుంది. యుద్ధం తప్ప వేరే బతుకెరగని ఆ రాక్షసులకి పాటంటే ఏమిటో తెలీదు. ఆ గొంతు వినగానే తుపాకి పట్టిన చేతులు తడబడతాయి. ఇంకేం, సైన్యం వాళ్ళు పాటనే ఆయుధం చేసేశారు! అన్నట్టు, ఆ గొంతు అప్పటికి 19 ఏళ్ళ మారి ఈజిమాది.

దీన్నే అమెరికావాళ్ళు ఇంకో రెండు సీరియళ్ళతో అతికించి 1985లో ‘రోబోటెక్’ అన్నారు. 1987 నుంచి నవలలూ వచ్చాయి. రచయిత జాక్ మెకిన్నీ... ఆ పేరుగల మనిషే లేడు! బ్రయాన్ డేలీ, జేమ్స్ లుసీనో అనే ఇద్దరి ఉమ్మడి కలంపేరది.

సరే, పాటతో యుద్ధం గెలిచారు. జపాన్ సీరియల్లో మన పైలట్ హీరో చివరికి ఎవర్ని వరించాడో తెలుసా? రేడియోలో తనమీద చిర్రుబుర్రులాడిన ఆఫీసరమ్మ మిసాని! మొదట్లో మిన్‌మే చుట్టూ తిరిగినవాడే మరి. ఎంత చెప్పండి, నేను మిన్‌మే పక్షమే.