కుక్కకు బువ్వ పెట్టే తీరు మారాలి

కేసముద్రం మార్కెట్టుకు మిర్చి, మక్కలు, వడ్లు వచ్చే పల్లెల్లో కుక్క లేని కల్లం అరుదు. రాత్రంతా మిర్చి రాశి చుట్టూ తిరిగి కావలి కాసేది అదే. ఇంత చాకిరీకి దానికి దక్కేది ఒక్కపూట మిగిలిన అన్నం, అదీ ఇంటివారికి గుర్తొస్తేనే. ఆ అన్నాన్ని అది నాలుగు గుటకల్లో మింగేస్తే ఆశపోతు కుక్క అని నవ్వుకోవడం పరిపాటి. ఈ ఆత్రానికి చాలావరకు బువ్వ పెట్టే తీరే కారణమని మాత్రం ఎవరూ అనుకోరు.

బర్రె మింగిన గడ్డిని తీరికగా నెమరువేస్తుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దాని దవడ పైకీ కిందికీ ఆడుతుందే గాని పక్కలకు కదిలి నూరదు. చీల్చి మింగడమే దానికి తెలిసిన విద్య. దానికి తోడు, ఒకే ఈతలో పుట్టిన అయిదారు పిల్లల్లో వెనుకబడ్డదానికి ఆకలే మిగులుతుంది. పెద్దయ్యాక వీధికుక్కలు, కోళ్లు పోటీకి వస్తాయి. రోజంతా మాడ్చి ఒక్కసారే పెడితే ఆత్రం కాక ఏముంటుంది? కడుపులో నులిపురుగులున్నా ఆకలి తీరదు.

ఆత్రంగా మింగిన కుక్క గాలిని కూడా మింగుతుంది, తిన్నది కక్కుతుంది. గొంతులో ముద్ద అడ్డుపడవచ్చు. ఒళ్లు పెద్దదై ఛాతీ లోతుగా ఉండే జాతులకు ఇంకా పెద్ద ప్రమాదముంది. కడుపు గాలితో ఉబ్బి మెలిపడితే కొద్ది గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో పెద్ద జాతి కుక్కలను పరిశీలించి, వేగంగా తినేవాటికి ఈ ముప్పు ఎక్కువని తేల్చారు. గిన్నెను ఎత్తు మీద పెట్టినా ముప్పు పెరుగుతుందని అదే పరిశీలనలో తేలింది. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాక, చొంగ కారుస్తూ కుదురులేక తిరిగే కుక్కను తెల్లవారేదాకా చూద్దామని ఉంచకూడదు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

మనుషులకే గతిలేదు, కుక్కకు మూడుపూటలా అని కొందరు అడుగుతారు. అడగదగిన మాటే. కాని ఎక్కువ పెట్టమని కాదు, అదే అన్నాన్ని రెండు మూడు సార్లుగా పంచమని. లోతు గిన్నె మాని వెడల్పు తలెలో పలుచగా పరిచినా చాలు. గిన్నే ఉంటే, కుక్క నోట పట్టనంత పెద్ద నున్నటి రాయి ఒకటి కడిగి నడుమ పెట్టాలి. రాయి చుట్టూ నాకుతూ తినాల్సి వచ్చి వేగం దానంతటదే తగ్గుతుంది. పట్నంలో ఇందుకోసమే గట్లు గట్లుగా చేసిన గిన్నెలు అమ్ముతున్నారు. రాయి ఉన్న ఊరికి అవి అక్కరలేదు. రెండు కుక్కలుంటే ఒకదానికొకటి కనిపించకుండా పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం.

తినేటప్పుడు అదిలించడం, తలె లాక్కోవడం పనికిరాదు. బువ్వ పోతుందన్న భయంతో తినే కుక్క దగ్గరికి పసిపిల్లలు పోతే గుర్రుమంటుంది, కరుస్తుంది కూడా. సొంత కుక్కే కదా అని ఆ కాటును వదిలేయడం ఊళ్లలో కనిపించే అజాగ్రత్త. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కాటును 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. కుక్కకు కూడా ఏటేటా టీకా వేయించాలి.

ఇక దావతుల సంగతి. వండిన కోడి బొక్కలు పెళుసుబారి సూదుల్లా చీలుతాయి. నమలకుండా మింగే కుక్కకు అవి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. విస్తళ్లను గోడవతల విసిరేసే ముందు బొక్కలు ఏరి గుంతలో పూడ్చడం పెద్ద పనేమీ కాదు.