రుణం ఒక్కటే సాధికారత కాదు

పేద మహిళకు కొంత అప్పు పుట్టిస్తే ఆర్థిక స్వావలంబన దానంతటదే సిద్ధిస్తుందన్న విశ్వాసం మన విధానకర్తలలో చిరకాలంగా పాతుకుపోయింది. మహిళా సంఘాలకు మంజూరు చేసిన రుణాల మొత్తాన్నే ప్రభుత్వాలు సాధికారతకు కొలమానంగా చూపుతున్నాయి. కానీ ఆ రుణమిచ్చే సంస్థ ఎవరిది, దాని నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయి అన్న ప్రశ్న మరుగున పడిపోతున్నది. అర్ధ శతాబ్దం కిందటే అహ్మదాబాద్‌లోని శ్రామిక మహిళలు ఈ ప్రశ్నను లేవదీసి, సమాధానమూ తామే సాధించుకున్నారు. 2022 నవంబరులో కన్నుమూసిన ఇలా భట్ జీవితకృషి సారాంశం అదే.

కార్మిక సంఘంలోనూ పురుషాధిక్యమే

1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె అనంతరం, 1920లో అహ్మదాబాద్ జౌళి కార్మిక సంఘం ఏర్పడింది. గాంధీజీ దానికి మార్గదర్శకులు. అనసూయా సారాభాయ్ వ్యవస్థాపకురాలు. ఒక స్త్రీ నెలకొల్పిన సంఘమే అయినా, కాలక్రమేణా నాయకత్వం పురుషుల పరమైంది. 1954లో మొదలైన మహిళా విభాగం మిల్లు కార్మికుల ఇళ్ళలోని స్త్రీలకు కుట్టుపని వంటివి నేర్పేందుకే చాలాకాలం పరిమితమైంది.

1955లో ఆ సంఘం న్యాయ విభాగంలో చేరిన ఇలా భట్ 1968లో మహిళా విభాగం బాధ్యతలు స్వీకరించారు. టోకు బట్టల మార్కెట్‌లో నెత్తిన మూటలు మోసే స్త్రీలు 1971లో తమ కూలి అన్యాయంగా ఉందంటూ ఆమెను ఆశ్రయించారు. ఆమె ఆ సంగతి పత్రికలో రాయగా, తాము న్యాయమైన కూలే చెల్లిస్తున్నామని వర్తకులు ప్రతి ప్రకటన చేశారు. ఆమె వాదులాటకు దిగలేదు. వర్తకుల మాటలనే కార్డులపై అచ్చువేయించి ఆ స్త్రీలకు పంచిపెట్టారు. ప్రకటించిన కూలిని అడిగి తీసుకోవడానికి అదే ఆయుధమైంది. ఆ డిసెంబరులోనే స్వయం ఉపాధి మహిళల సంఘం, ‘సేవా’, ఆవిర్భవించింది.

యజమాని లేని కార్మికులకు సంఘమెందుకని కార్మిక శాఖ ఆక్షేపించింది. సంఘం ఉన్నది ఒకరిపై పోరాటానికే కాదు, శ్రామికుల ఐక్యతకు కూడా అని వాదించి, 1972 ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ సాధించారు.

పది రూపాయల వాటా

1969లో 14 బ్యాంకులను జాతీయం చేశాక పేదలకూ రుణాలు అందుతాయన్న ఆశ కలిగింది. కానీ ఆచరణలో బ్యాంకు వేళలు ఈ స్త్రీల పనివేళలకు పొసగలేదు. గుమాస్తాల చీదరింపులు సరేసరి. చేతికొచ్చిన సొమ్ము ఇంట్లో దాచుకుంటే భర్త కంటపడక తప్పదు. అటువంటప్పుడు మనకే ఒక బ్యాంకు ఎందుకు ఉండకూడదన్న ఆలోచన సభ్యుల నుంచే వచ్చింది. నాలుగు వేల మంది తలా పది రూపాయల వాటాతో 1974లో సహకార బ్యాంకు స్థాపించారు. నిరక్షరాస్యులతో బ్యాంకు ఎలా నడుస్తుందని అధికారులు సందేహించగా, సంతకాలు చేయవలసిన మహిళలు రాత్రంతా కూర్చుని తమ పేర్లు రాయడం నేర్చుకున్నారు. తరువాత ఖాతాదారు ఫొటోతో పాసుపుస్తకాలు వచ్చాయి. ఇల్లు, స్థలం వంటి ఆస్తులు మహిళ పేరిటే ఉండాలని బ్యాంకు పట్టుబట్టింది. ఇవన్నీ చిన్న మార్పులుగా కనిపించినా, ఇంటిలో పెత్తనం స్వరూపాన్నే మార్చగలిగినవి.

దీని విలువ 1981లో తేటతెల్లమైంది. రిజర్వేషన్ల వ్యతిరేక ఆందోళన గుజరాత్‌ను అట్టుడికించినప్పుడు ఇలా భట్ దళితుల పక్షాన బహిరంగంగా నిలిచారు. జౌళి కార్మిక సంఘం నాయకత్వం ‘సేవా’ను బయటకు పంపింది. సొంత సభ్యత్వం, సొంత బ్యాంకు ఉన్నందువల్లనే ఆ వేటును అది తట్టుకోగలిగింది. ఆ దశకంలో మిల్లులు వరుసగా మూతపడి మాతృసంస్థ ప్రాబల్యం క్షీణించగా, ‘సేవా’ సభ్యత్వం ఈనాటికి 20 లక్షలు దాటడం గమనార్హం.

మన అనుభవం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేకోద్యమం దరిమిలా తెలుగునాట పొదుపు సంఘాలు ఊరూరా విస్తరించాయి. కూలి డబ్బు సారా దుకాణానికి పోకుండా అడ్డుకున్న మహిళలే దానిని పొదుపుగా మలచుకున్నారు. ఆ సంఘాల క్రమశిక్షణను ఆసరా చేసుకుని ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు పల్లెల్లో ప్రవేశించాయి. హైదరాబాద్ కేంద్రంగా నడచిన అటువంటి ఒక సంస్థ వాటాలు 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కెక్కాయి. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అక్కడా అప్పు మహిళలకే, ఇక్కడా మహిళలకే. అహ్మదాబాద్‌లో వాటాదారులు వారే. ఇక్కడ వారు బాకీదారులు మాత్రమే.

‘సేవా’ నమూనాను యథాతథంగా ఎక్కడైనా నాటవచ్చుననడం అత్యాశ. దాని వెనుక చట్టం తెలిసిన నాయకురాలి అండ, ఏళ్ళ తరబడి సాగిన ఓపిక ఉన్నాయి. అయితే మహిళా సంఘాల పేరిట ఏ పథకం వచ్చినా అడగవలసిన ప్రశ్నలు మాత్రం అవే: వడ్డీ రేటును, వాయిదాను నిర్ణయించే చోట సభ్యులకు ఓటు ఉన్నదా? సమకూరిన ఆస్తి ఎవరి పేరిట ఉన్నది? లెక్కల పుస్తకం ఎవరి వద్ద ఉన్నది? మంజూరైన కోట్లను ప్రకటించే ప్రభుత్వాలు, బ్యాంకులు వీటికి కూడా ఏటా జవాబు చెప్పడం అవసరం.