పర్సులో పట్టే పిస్తోలు, ఎవరికీ పట్టని వీధి

దేశంలో ఎక్కడ ఆడపిల్లపై ఘోరం జరిగినా, పట్టుమని పది రోజులు గడవకముందే ఒక సలహా బయలుదేరుతుంది. ఆడపిల్లలకు తుపాకీ లైసెన్సులివ్వండి, వాళ్ల రక్షణ వాళ్లే చూసుకుంటారు అన్నది ఆ సలహా. చెప్పేవారిలో ప్రజాప్రతినిధులుంటారు, ఉద్యోగ విరమణ చేసిన పోలీసు అధికారులుంటారు, టీవీ స్టూడియోల్లో గొంతు చించుకునే యాంకర్లుంటారు. మర్నాటికి చర్చ ఇంకో మెట్టు దిగుతుంది. పర్సులో ఏది పడుతుంది? రివాల్వరా, పిస్తోలా? అర కిలోదా, పావు కిలోదా? ప్రభుత్వం జవాబు చెప్పవలసిన ప్రశ్న ఈ మెట్టు దగ్గరే మాయమైపోతుంది. మిగిలేది బేరం.

ఆ బేరాన్ని తెచ్చి ఓల్డ్ రాజిందర్ నగర్‌లో పెట్టి చూడాలి. దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం వెలసిన ఈ ఢిల్లీ కాలనీ ఇవాళ సివిల్స్ ఆశావహుల రాజధాని. ఆదిలాబాద్ నుంచీ అనకాపల్లి నుంచీ వచ్చిన తెలుగు పిల్లలు ఇక్కడ మంచం పట్టేంత గదుల్లో ఏళ్లకేళ్లు గడుపుతారు. లైబ్రరీ మూసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. బడా బజార్ మార్గ్ నుంచి లోపలి సందుల్లోకి తిరిగితే తలమీద వేలాడే తీగలు, కాళ్ల కింద పొంగిన కాలువ, వెలగని దీపం. ఆ సందులో పీజీకి నడిచే అమ్మాయికి ఊళ్లోని తండ్రి ఫోను చేసి, గది చేరేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. ఆ భయాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. దాన్ని సొమ్ము చేసుకునే హక్కు అంతకన్నా లేదు.

సొమ్ము చేసుకున్న మొదటి సంస్థ మరెవరిదో కాదు, ప్రభుత్వానిదే. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం తర్వాత జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. పోలీసు సంస్కరణల గురించి, బస్సుల నియంత్రణ గురించి, బాధితురాలి ఫిర్యాదు నమోదు గురించి అందులో వివరంగా రాసింది. ఆ నివేదిక వచ్చిన ఏడాదికి, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ ఒక రివాల్వర్ తెచ్చింది. పేరు ‘నిర్భీక్’. నిర్భయ పేరును తలపించేలా పెట్టిన పేరు. .32 బోరు, ఆరు తూటాలు, దాదాపు 500 గ్రాముల బరువు, నగల పెట్టెలాంటి పెట్టె. ధర 1,22,360 రూపాయలు. నల్ల అద్దాల బస్సును నగరమంతా తిరగనిచ్చిన రాజ్యం, చనిపోయిన అమ్మాయి జ్ఞాపకాన్ని సరుకుగా మార్చి అమ్మకానికి పెట్టింది. ఇది ప్రభుత్వ వైఫల్యాన్ని ఒప్పుకోవడమేనని మణిపూర్‌లో తుపాకీ హింస బాధిత మహిళలతో పనిచేసే బీనాలక్ష్మి నెప్రమ్ అప్పుడే విమర్శించారు. ఆ విమర్శకు కేంద్రం దగ్గర జవాబు లేదు. 2013లో వెయ్యి కోట్లతో మొదలైన నిర్భయ నిధిలో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా మూలిగిందని పార్లమెంటుకిచ్చిన సమాధానాలే చెప్పాయి.

సరే, వాదన కోసం ఒప్పుకుందాం. అమ్మాయి దగ్గర డబ్బుంది, కొనుక్కుంటుంది. ఏది కొనాలి? ప్రపంచమంతా చర్చించే 9 ఎంఎం పిస్తోలు మన పౌరులకు నిషిద్ధం. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యనుంచీ సామాన్యుడికి మూతబడింది. కాబట్టి ప్రభుత్వ కర్మాగారాల సరుకే ప్రధానం: .32 బోరు ‘అశని’ పిస్తోలు, అదే బోరులో నిర్భీక్ వంటి రివాల్వర్లు, .22 బోరులో పావు కిలో తూగే ‘నిడర్’.

చిన్నది కాబట్టి ఆడవారికి తేలిక అన్న ప్రచారం తుపాకీ పట్టినవారెవరూ నమ్మని మాట. ఒకే తూటాను పేల్చే రెండు తుపాకుల్లో తేలికైనదే చేతిని ఎక్కువగా వెనక్కి తంతుంది. గొట్టం పొట్టిదైతే గురిచూసే దూరం కుదించుకుపోతుంది, చేతిలో వెంట్రుకవాసి వణుకు ఎదుట జానెడు తప్పుతుంది. గుర్రాన్ని ముందుగా వెనక్కి లాగకుండా రివాల్వర్ పేల్చాలంటే ట్రిగ్గర్‌ను బలంగా, చాలా దూరం నొక్కాలి. పిస్తోలులో తూటాను గదిలోకి ఎక్కించి ఉంచకపోతే, అవసరమైన క్షణంలో దాన్ని ఎక్కించడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేతిని అప్పటికే ఎవడో పట్టుకుని ఉంటే? ఎక్కించి ఉంచితే, తాళం చెవులూ ఫోను చార్జరూ ఉన్న సంచిలో ట్రిగ్గర్‌ను కప్పే ఒర లేకుండా దాన్ని వేసుకు తిరగడం చావును చంకన పెట్టుకోవడమే. మాజీ ఎంపీ, నటుడు గోవిందా సంగతి చూడండి. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబైలోని ఆయన ఇంట్లో, ఆయన లైసెన్సు రివాల్వరే పేలి ఆయన కాల్లోనే తూటా దిగింది. శత్రువు లేడు, చీకటి సందు లేదు.

అంటే చిన్న తుపాకీకే పెద్ద సాధన కావాలి. వారం వారం తూటాలు కాల్చి చేతికి అలవాటు చేయాలి. ఆ సాధన చేయడానికి ఓల్డ్ రాజిందర్ నగర్ విద్యార్థినికి రేంజి ఎక్కడుంది? ప్రిలిమ్స్‌కూ మెయిన్స్‌కూ మధ్య తీరిక ఎక్కడుంది?

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు ఈ పిల్లలు పరీక్ష కోసం ఎలాగూ తిరగేసేవే. 21 ఏళ్లు నిండాలి, భద్రతా శిక్షణ పొందినట్టు పత్రం ఉండాలి, కారణం చూపాలి. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. అమెరికాలో రాజ్యాంగ వివాదమైన ‘దాచి మోసుకెళ్లడం’ మన దగ్గర నిబంధనే. సొంత రాష్ట్రంలో లైసెన్సు ఉన్నా దాని పరిధి మామూలుగా అక్కడితో సరి. దేశమంతా చెల్లే లైసెన్సు కేంద్రమంత్రులకూ ఎంపీలకూ సులువు, అద్దె గదిలో ఉండే అమ్మాయికి గగనం. కష్టపడి సంపాదించినా ఢిల్లీ మెట్రో గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ తనిఖీ ఆపేస్తుంది. ఇంటి నుంచి మెట్రోకు, మెట్రో నుంచి క్లాసుకు, క్లాసు నుంచి లైబ్రరీకి సాగే ఆమె రోజులో ఆ పిస్తోలు ఉండగలిగే చోటు పీజీ గదిలో ట్రంకు పెట్టె ఒక్కటే. ఆ గదిలో మరో ఇద్దరు అమ్మాయిలుంటారు.

అన్నిటికన్నా చేదు నిజం చట్టంలోని 13వ సెక్షన్‌లో ఉంది. దరఖాస్తు రాగానే లైసెన్సింగ్ అధికారి దగ్గరి పోలీసు స్టేషన్ నుంచి నివేదిక తెప్పించుకోవాలి. వెంటపడుతున్నాడని చెబితే పట్టించుకోని స్టేషనే, ఆమె భయం నిజమా కాదా అని తేలుస్తుంది. పోలీసు పనిచేయడు కాబట్టి తుపాకీ కావాలి. తుపాకీ కావాలంటే పోలీసు సంతకం కావాలి!

ఈ వలయంలో నలిగినవారి కథ కావాలంటే ఉన్నావ్ చూడాలి. ఎమ్మెల్యే కుల్దీప్ సెంగార్‌పై అత్యాచార ఆరోపణ చేసిన అమ్మాయి తండ్రిని కొట్టి, ఆయన దగ్గర నాటు తుపాకీ దొరికిందంటూ ఆయుధాల చట్టం కిందే అరెస్టు చేశారు. 2018 ఏప్రిల్‌లో ఆయన కస్టడీలో చనిపోయాడు. ఆ కేసు కట్టుకథేనని తేల్చి, 2020 మార్చిలో ఢిల్లీ కోర్టు సెంగార్‌కు పదేళ్ల శిక్ష వేసింది. ఆ కుటుంబం తరఫున వాదించిన న్యాయవాది తన ప్రాణానికి ముప్పుందంటూ తుపాకీ లైసెన్సు కోసం జిల్లా అధికారికి లేఖ రాసుకున్నాడు. 2019 జులై 28న రాయబరేలీ దగ్గర వారి కారును లారీ గుద్దింది. ఆ రోజు రక్షణ సిబ్బంది వెంట లేరు. ఆయుధాల చట్టం ఆ ఇంటికి రెండుసార్లు ఎదురైంది. ఒకసారి అబద్ధపు తుపాకీగా, రెండోసారి అందని లైసెన్సుగా. అందినా లారీని ఏ రివాల్వర్ ఆపుతుంది?

మరి లైసెన్సులు ఎవరికి అందుతున్నాయి? 2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే అందులో 12.77 లక్షలు ఉత్తరప్రదేశ్‌వే. అక్కడి ఆడవాళ్లు దేశంలోకెల్లా నిర్భయంగా ఉన్నారని చెప్పే ధైర్యం లక్నోలో ఎవరికైనా ఉందా? జమ్మూ కశ్మీర్‌లో దొంగ లైసెన్సుల కుంభకోణంపై దర్యాప్తు చేసిన సీబీఐ, అక్కడ జిల్లా మెజిస్ట్రేట్లుగా పనిచేసిన ఇద్దరిని 2020లో అరెస్టు చేసింది. ఓల్డ్ రాజిందర్ నగర్ గదుల్లో ఇవాళ చదువుకుంటున్నవారే రేపు ఆ కుర్చీల్లో కూర్చుని అలాంటి దరఖాస్తులపై సంతకాలు చేస్తారు. ఎథిక్స్ పేపర్‌కు ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు.

ఎదుటి పక్షానికి ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. గూండాకు మూడు నాలుగు వేలకు తపంచా దొరుకుతోంది, చట్టాన్ని గౌరవించేవారే నిరాయుధులు అంటారు వారు. భారతీయుల చేతిలోంచి ఆయుధం లాక్కున్నది 1878 నాటి వలస చట్టమనీ గుర్తు చేస్తారు. నిజమే. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరుడికి వాగ్దానం చేసింది కూడా. ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ సవరణ పెడితే రాజ్యాంగ సభ ఒప్పుకోలేదు. విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. సాక్షులకు, బెదిరింపులు రుజువైన మహిళలకు లైసెన్సు ఆలస్యం లేకుండా ఇవ్వాలి, దాంతోపాటు రక్షణా ఇవ్వాలి. అంతవరకు వాదనలో న్యాయముంది. అక్కడినుంచి ‘ప్రతి పర్సులో ఒకటి’ దాకా వెళ్లడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. అత్యాచార కేసుల్లో 95 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. బంధువు, పొరుగువాడు, పెళ్లాడతానన్నవాడు, పనిచేసే చోట పైవాడు. పర్సులో పిస్తోలు పెట్టుకోమని చెప్పేవారి ఊహలో నిందితుడు ఎప్పుడూ చీకట్లోంచి దూకే అపరిచితుడే.

తుపాకీ ఉంటే చాలన్న నమ్మకం తెలుగు రాజకీయాల్లో ఎన్నిసార్లు కూలిందో పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం ఆవరణలోనే, గన్‌మన్లు ఉండగానే పరిటాల రవి హత్య జరిగింది. 2011 జనవరి 3న మద్దెలచెరువు సూరిని హైదరాబాద్‌లో కాల్చింది వెనక సీట్లో కూర్చున్న సొంత అనుచరుడే. జీవితమంతా ఆయుధాల నడుమ బతికినవారికే అది అక్కరకు రాలేదు.

‘దిశ’ కేసు సంగతి ఇంకా విచిత్రం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు తమ ఆయుధాలు లాక్కుని కాల్పులకు దిగారని పోలీసులు చెప్పారు. సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ కథను నమ్మలేదు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. అయినా ఒక్క క్షణం ఆ కథనే నమ్మి చూద్దాం. శిక్షణ పొందిన, గుంపుగా ఉన్న పోలీసుల నడుము నుంచి పిస్తోలు లాక్కోగలిగారంటే, ఒంటరి అమ్మాయి సంచిలోది లాక్కోవడం ఎంతసేపు? తుపాకీయే రక్షణ అనేవారూ ఆ ఎన్‌కౌంటర్‌కు పూలు చల్లినవారూ చాలావరకు ఒక్కరే. ఆ రెండు మాటలు ఒకే నోట ఎలా ఇముడుతాయో వారే చెప్పాలి.

అమెరికాను చూపించేవారికి కాన్సాస్‌ను చూపించాలి. 2015 జులై నుంచి ఆ రాష్ట్రంలో అనుమతి పత్రమే లేకుండా తుపాకీ దాచి తిరగవచ్చు. 2017 ఫిబ్రవరి 22న అక్కడి ఓలేథ్ పట్టణంలో, ఒక బార్‌లో, మీ దేశానికి పొమ్మని అరుస్తూ ఒకడు తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. దుండగుడిని అడ్డుకోబోయి తూటా తిన్న స్థానికుడి చేతిలో ఆయుధం లేదు. హంతకుడి చేతిలో ఉంది.

మళ్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌కు వద్దాం. 2024లో ఈ ప్రాంతంలో ప్రాణాలు తీసినది ఎవరి పిస్తోలూ కాదు. జులై 22న పక్కనున్న పటేల్ నగర్‌లో, వాన నీళ్లలో నడుస్తూ ఇనుప గేటు పట్టుకున్న సివిల్స్ అభ్యర్థి విద్యుదాఘాతంతో చనిపోయాడు. జులై 27 సాయంత్రం బడా బజార్ మార్గ్‌లో ఒక కోచింగ్ సంస్థ బేస్‌మెంట్ లైబ్రరీలోకి నీరు దూసుకొచ్చి ముగ్గురు మరణించారు. వారిలో ఒకరు తెలంగాణ నుంచి వచ్చిన అమ్మాయి. బేస్‌మెంట్‌కు ఉన్న అనుమతి పార్కింగుకూ సామాను నిల్వకూ మాత్రమే. ఇవి చావు గదులుగా మారాయని సుప్రీంకోర్టే ఆగస్టులో అన్నది. ఆ అమ్మాయి సంచిలో నిర్భీక్ ఉన్నా, నిడర్ ఉన్నా, ఆ రాత్రి నీటిమట్టం అంగుళం తగ్గేది కాదు.

ఆత్మరక్షణ కోసం పౌరుడి చేతిలో ఉన్న అసలైన సాధనాన్ని ఒకరు ముందే వాడారు. అక్రమ బేస్‌మెంట్ లైబ్రరీల వల్ల ప్రాణాపాయముందని, ఆ సంస్థ పేరుతో సహా, ఒక విద్యార్థి 2024 జూన్ 26న ఫిర్యాదు చేశాడు. జులై 15న గుర్తు చేశాడు. జులై 22న మళ్లీ గుర్తు చేశాడు. ఆ మధ్యలోనే, జులై 9న, ఆ భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం జారీ అయింది.