తోలుబొమ్మల చుట్టాలు

పిల్లలూ! మీ బడిలో దేశదేశాల పండగ జరుగుతున్నదనుకుందాం. ఒక్కొక్క తరగతి ఒక్కొక్క దేశాన్ని గురించి చూపించాలి. మీ తరగతికి టర్కీ దేశం వచ్చింది. ఎక్కడి టర్కీ, ఎక్కడి గార్లదిన్నె! ఏం చూపిస్తారు?

"ఓస్, ఇంతేనా! ఎర్ర కుచ్చు టోపీ పెట్టుకుంటే సరి!" అంటాడు మీలో ఒకడు. పాత బొమ్మల్లో టర్కీవాడు కనిపిస్తే నెత్తిన ఆ టోపీ ఉండవలసిందే. కాని 1925లోనే అక్కడ చట్టం చేసి ఆ టోపీని మానిపించారు. ఈనాటి టర్కీ అంటే అదే అని చెబితే, చూడవచ్చినవాళ్ళకు మనం నిజంగానే కుచ్చుటోపీ పెట్టినట్టవుతుంది!

మరి ఆ దేశంవాళ్ళు పండగ ఎట్లా చేసుకుంటారో చూద్దాం. అక్కడ ఏప్రిల్ 23 పిల్లల పండగ. 1920లో ఆ రోజునే అంకారా నగరంలో వాళ్ళ జాతీయసభ మొదటిసారి సమావేశమయింది. ఆ దినాన్ని అతాతుర్క్ అనే నాయకుడు పిల్లలకు అంకితం చేశాడు. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం. ఆ ఏటి నుంచి ఇతర దేశాల పిల్లలను కూడా ఆ పండగకు పిలవసాగారు. వచ్చిన పిల్లలు టర్కీ పిల్లల ఇళ్ళలో అతిథులుగా ఉంటారు. వాళ్ళ ఆటపాటలు చూస్తారు, తమవి చూపిస్తారు. అంటే అతిథి చూసిపోయేవాడే కాదు, తనదీ ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు టర్కీవాళ్ళ ఆట ఒకటి చెబుతాను. దాని పేరు కారాగోజ్. వాళ్ళ భాషలో కారా అంటే నలుపు, గోజ్ అంటే కన్ను. నల్లకళ్ళవాడన్నమాట! ఒక తెల్లని తెర, దాని వెనక దీపం. ఒంటె తోలుతోనో, ఆవు తోలుతోనో చేసిన రంగుల బొమ్మలు తెర మీద ఆడుతాయి. ఆడించేవాడు ఒక్కడే. ముసలివాడి గొంతూ, ఆడవాళ్ళ గొంతూ, అన్నీ వాడివే. ఆ తెరను వాళ్ళు పెర్దె అంటారు. మనం పరదా అనే మాట అదే! పారశీక భాషలో పుట్టి, అటు టర్కీకీ, ఇటు మన ఊళ్ళకూ చేరింది.

ఈ ఆట పుట్టుకను గురించి ఒక కథ చెబుతారు. సుమారు ఏడు వందల ఏళ్ళ కిందట బుర్సా నగరంలో ఒక మసీదు కడుతున్నారు. పనివాళ్ళలో కారాగోజ్, హజివత్ అని ఇద్దరున్నారు. వాళ్ళ హాస్యాలు వింటూ మిగిలినవాళ్ళు పని మానేసి నవ్వుతూ నిలబడేవారు. గోడలు లేవలేదు. సుల్తానుకు కోపం వచ్చి ఇద్దరినీ చంపించాడు. తరవాత పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు. అప్పుడు ఒక పెద్దమనిషి వాళ్ళిద్దరి బొమ్మలు చేసి, తెర మీద ఆడించి ఆయనను ఓదార్చాడట. ఇది చరిత్ర కాదు, కథే.

హజివత్ చదువుకున్నవాడు, గొప్ప గొప్ప మాటలు వాడుతాడు. కారాగోజ్‌కు అవి అర్థం కావు. మన భాషలో చెప్పాలంటే, "తమకు క్షుత్పిపాసలు లేవా?" అని ఒకడు అడిగితే, "పిప్పళ్ళు నా దగ్గరెక్కడివి? అంగట్లో అడుగు!" అని రెండోవాడు అన్నట్టు ఉంటుంది. ఈ ఇద్దరే కాదు. అరబ్బులు, పారశీకులు, ఆర్మీనియావాళ్ళు, యూదులు, ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడుతూ ఆ తెర మీదికి వస్తారు. ఒకప్పటి ఇస్తాంబుల్ నగరమంతా ఆ చిన్న పరదా మీదనే కనిపిస్తుంది. 2009లో యునెస్కో ఈ ఆటను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

"ఇది మన తోలుబొమ్మలాటే!" అని మీరీపాటికి అనుకునే ఉంటారు. అవును, చుట్టాల్లా ఉన్నాయి. గార్లదిన్నెలో రైలెక్కి అనంతపురం మీదుగా ధర్మవరం వెళ్ళి, అక్కడ నిమ్మలకుంటకు దారి అడగండి. బొమ్మలు చేసే కుటుంబాలు ఆ ఊళ్ళో ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకో వింత ఏమిటంటే, ఈ బొమ్మలాటవారి ఇళ్ళలో మాట్లాడేది మరాఠీ, తెర వెనక పాడేది తెలుగు!

కారాగోజ్ బొమ్మ మూరెడు కూడా ఉండదు. మన రావణుడు మనిషంత ఉంటాడు. వాళ్ళకు కారాగోజ్ ఉంటే మనకు కేతిగాడున్నాడు, బంగారక్క ఉన్నది. వాళ్ళకు రంజాన్ రాత్రులు ఆటకు పెట్టింది పేరు. మన పల్లెల్లో వానలు లేనప్పుడు విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని నమ్మకం.

బడిపండగకు మీరే తెర కట్టవచ్చు. ఒక తెల్లపంచె బిగించి కట్టండి. వెనక టార్చిలైటు పెట్టండి. బట్ట దగ్గర నిప్పుదీపం వద్దు. అట్టముక్కతో బొమ్మ చేస్తే నల్లని నీడే పడుతుంది. కాగితానికి రంగు వేసి, నూనె రాసి చూడండి, రంగుల నీడ పడుతుంది! ఎందుకని? కాగితంలో నారపోగుల మధ్య గాలి ఉంటుంది. అందువల్ల వెలుతురు అటూ ఇటూ చెదిరిపోతుంది. ఆ సందులను నూనె నింపితే వెలుతురు చాలావరకు తిన్నగా దూసుకువస్తుంది. తోలును వెంట్రుకలు లేకుండా గీకి పలచన చేసేది కూడా వెలుతురు దూరడానికే. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు జరిపితే పెద్దదై, అంచులు మసకబారుతాయి.

తెర మీదికి ఒక పక్క నుంచి కారాగోజ్‌ను, రెండో పక్క నుంచి కేతిగాడిని రప్పించండి. ఇద్దరూ వాదించుకోనీండి. టర్కీ నుంచి ఒక పిల్ల వచ్చి చూస్తే, "మా కారాగోజ్ సరే, మీ కేతిగాడు ఏమంటాడు?" అని తప్పక అడుగుతుంది. అప్పుడు మీరు నీళ్ళు నమలకూడదు కదా!

కాని మీలో ఎంతమంది కేతిగాడిని చూశారు? సినిమాలూ, టీవీలూ వచ్చాక తెల్లవార్లూ ఆడే ఆటలు తగ్గిపోయాయి. రాముణ్ణీ హనుమంతుణ్ణీ చెక్కిన చేతులే ఇప్పుడు బతుకుతెరువు కోసం దీపాలకు తోలుగూళ్ళు చేస్తున్నాయి. అవి అందంగానే ఉంటాయి; కాని దీపపు గూడు మాట్లాడదు, పాడదు, నవ్వించదు. పెద్దలకు ఒక మనవి: ఈసారి ఊరి జాతరకు ఒక రాత్రి తోలుబొమ్మలాట పెట్టించి, తగిన డబ్బు ఇవ్వండి. పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి.

పిల్లలూ, మీకు ఈ నెల పని ఇది. మీ అవ్వనో తాతనో అడిగి, కేతిగాడి హాస్యం ఒకటి రాసి పెట్టుకోండి. పండగనాడు కారాగోజ్‌కు జవాబు చెప్పడానికి అది పనికివస్తుంది.