పట్టణపు మురుగుకాలువ – పల్లెరైతు పొలము

పట్టణమునందలి మురుగుకాలువలో ఎవరేమి పాఱబోసిన మనకేమి, అది పురపాలకులు చూచుకొనవలసిన పని యని మన సంఘసభ్యులలో పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదు. పట్టణవాసి మురుగును తన గడప దాటువఱకే చూచును; ఆవల దానిని చూడవలసినవాడు దిగువనున్న రైతే. నిజామాబాదు, బోధను ప్రాంతములలో కాలువ నీరు వాగునో చెరువునో చేరి, గోదావరికి పోవులోపల తూముచేతనో మోటారుచేతనో మన మడిలోనికి రాగలదు. కావున మురుగుకాలువలోనికి ఏది విడువవచ్చును, ఏది విడువరాదు అను నిబంధన మనకును సంబంధించినదే.

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము, కాలుష్య నియంత్రణ మండలి యనుమతి లేనిదే ఏ కర్మాగారమును తన వ్యర్థజలమును వాగులోనికి గాని మురుగుకాలువలోనికి గాని విడువరాదు. ఎంతవఱకు విడువవచ్చునో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములు కొలతలు చెప్పుచున్నవి. నీటిలోని కుళ్లు ఎంత ప్రాణవాయువును హరించునో తెలుపు కొలతకు బి.ఓ.డి. యని పేరు. వాగులోనికి విడుచు నీటిలో అది లీటరునకు 30 మిల్లీగ్రాములను మించరాదు. ప్రజల మురుగుకాలువలోనికైనచో 350 వఱకు అనుమతి గలదు. నలుసునకు వాగులో 100, మురుగుకాలువలో 600. ఇంత ఔదార్యమెందులకు? కాలువ చివర శుద్ధికేంద్రమొకటి యుండి మిగిలిన మలినమును తీసివేయునను నమ్మకముచేతనే. ఆ నియమములలోనే మఱియొక మాట గలదు: సూక్ష్మజీవులచే శుద్ధిచేయు కేంద్రము చివర లేనిచో, మురుగుకాలువలో విడుచుట వాగులో విడుచుటగానే యెంచబడును. అనగా 350 చెల్లదు, 30 మాత్రమే చెల్లును. దిగువ రైతునకు ఇంతకంటె అక్కఱకు వచ్చు వాక్యము ఆ నియమములన్నిటిలో నాకు కనబడలేదు.

శుద్ధికేంద్రమున్నంత మాత్రమున అన్నియు తీఱునని తలంపరాదు. అచట పనిచేయునది మన పెంటకుప్పను మాగజేయు సూక్ష్మజీవుల వంటివే. మలమూత్రములను, అన్నపు గంజిని అవి తినును. ఔషధపు మడ్డిని, రసాయన ద్రావకములను తినలేవు, ఒక్కొకప్పుడు వానిచే తామే చచ్చును. ఉప్పు వానికి పట్టదు. అది వచ్చినట్లే దాటిపోయి పొలములో చవుడై మిగులును. లోహములు అడుగుమడ్డిలో దిగి, ఎరువు కాదగిన దానిని విషము చేయును.

పటాన్‌చెరు కథ మన జిల్లాకు దూరము కాదు. ఆ పారిశ్రామికవాడ వ్యర్థజలములు నక్కవాగు ద్వారా మంజీరను చేరినవి. మంజీరయే దిగువను నిజాంసాగరమును నింపుచున్నది. బోధను చెఱకు పెరిగినది ఆ నీటితోనే. ఈ తగవు 1990లో సుప్రీంకోర్టునకెక్కినది. 1994లో పలు కర్మాగారములకు ఉమ్మడి శుద్ధికేంద్రము వెలసినది. అయినను, అచట శుద్ధియైనదనబడిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు ఉన్నదని స్వీడను దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. రోగి నెత్తుటిలో నుండు మోతాదును మించిన మొత్తమది! తరువాత ఆ నీటిని గొట్టముగుండ హైదరాబాదు మురుగుకాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు పంపిరి. అచటినుండి వెడలు నీరు మూసీలో పడును. మూసీ వెంట వరియు గడ్డియు పెంచువారును రైతులే గదా. మంజీర రైతు నెత్తిమీది బరువును మూసీ రైతు నెత్తికెత్తుట పరిష్కారమనిపించుకొనదు.

శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దానిని తెఱపింపవలెనని రైతులు పలుమార్లు కోరిరి, కోరుట న్యాయమే. కాని చక్కెర మిల్లు నీటిలో విషము లేకున్నను తీపి యుండును, ఆ తీపియే పులిసి వాగులోని చేపకు ఊపిరాడకుండ చేయును. మొలాసిస్‌నుండి సారాయి తీయుచోట వెలువడు నీటి బి.ఓ.డి. 40,000 దాటుట గలదు. ఏ మిల్లు తెఱచినను, చెఱకు ధరతోపాటు ఈ నీటి సంగతియు ముందుగానే అడుగవలెను.

మనవైపు తప్పు లేదని చెప్పను. మందుకొట్టిన పంపును వీధి మోరిలో కడుగుట, సెప్టిక్ ట్యాంకు బండిని చీకటిలో చెరువుకట్ట క్రింద దింపించుట జక్రాన్‌పల్లివారు ఎఱుగనివి కావు. ఉప్పుడు బియ్యపు మిల్లులకు ధాన్యము తోలువారము, ఆ నానబెట్టిన నీరెచటికి పోవుచున్నదని ఎన్నడైన అడిగితిమా?

ఇక చేయవలసిన పని. మండలి యిచ్చిన అనుమతుల షరతులను పట్టికలో వ్రాసియుంచవలెననియు, ఆ నీటివలన బాధపడువారెవరైనను దానిని చూడవచ్చుననియు చట్టపు 25వ విభాగము చెప్పుచున్నది. రాబోవు సర్వసభ్య సమావేశమున మన సంఘము ముగ్గురు సభ్యులను ఇందులకై నియమింపవలెను. వారు మన చెరువులకు, వాగులకు ఎగువనున్న ప్రతి మిల్లు పేరు వ్రాసికొని, దానికి 30 అనుమతించిరా, 350 అనుమతించిరా అని చూడవలెను. 350 అని యున్నచో, ఆ కాలువ చివర శుద్ధికేంద్రమెక్కడ నున్నదో మండలివారిని వ్రాతమూలకముగా అడిగి, వచ్చిన ప్రత్యుత్తరమును ఈ పత్రికలో ప్రకటింపవలెను.