కీమో మీద సగం వార్త

సంపాదకునికి,

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో 'కీమోతోనే కేన్సర్ పాకుతోందట!' అన్న శీర్షిక చూశాను. కింద రాసిన పరిశోధన నిజమే. శీర్షిక చదివినవాళ్లకు తోచే అర్థం మాత్రం నిజం కాదు. కేన్సర్ వార్డులో ఏళ్ల తరబడి కీమో సెలైన్లు ఎక్కించినదాన్ని. ఇలాంటి కటింగు మడతపెట్టి తెచ్చి "ఇది చూశారా సిస్టర్?" అని అడిగే భర్తలూ కొడుకులూ నాకు కొత్త కాదు. ఆ తర్వాతి కీమో విడతకి రాని ఆడవాళ్లూ కొత్త కాదు.

మీరు చెప్పిన రొమ్ము కేన్సర్ పరిశోధన 2017లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల నుంచి వచ్చింది. రక్తనాళం లోపలి వైపు ఒకే ఒక్క వరసలో కణాలు పరుచుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే రొమ్ము గడ్డలోని కణం ఎక్కడపడితే అక్కడ రక్తంలోకి దూరలేదు. కొన్నిచోట్ల మాత్రం ఒక కేన్సర్ కణం, ఒక మాక్రోఫేజ్ (రోగనిరోధక వ్యవస్థకు చెందినదే), నాళపు పొరలోని ఒక కణం ఆనుకుని ఉంటాయి. మాక్రోఫేజ్ వదిలే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌కి అక్కడి కణాల పట్టు కాసేపు సడలుతుంది. ఆ కాసేపట్లో కేన్సర్ కణం గుమ్మం దాటేస్తుంది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇచ్చిన ఎలుకల్లో ఇలాంటి గుమ్మాలు పెరిగాయి. ఆపరేషన్‌కి ముందు కీమో తీసుకున్న 20 మంది గడ్డల్ని పరీక్షిస్తే పలువురిలోనూ పెరిగాయి.

ఇంతవరకూ మీరు రాశారు. ఆ 20 మందిలో జబ్బు వేరే అవయవాలకు పాకిందా అన్నది ఆ పరిశోధన తేల్చలేదని రాయలేదు. రెబాస్టినిబ్ అనే మందు తోడుగా ఇస్తే ఎలుకల్లో ఆ దారి మూసుకుపోయిందని అదే వ్యాసంలో ఉంది, అదీ రాయలేదు. కీమో మానెయ్యమని వాళ్లు చెప్పలేదు.

పైగా రక్తంలో పడ్డంతమాత్రాన పని అయిపోదు. అలా పడ్డ కణాల్లో చాలా భాగం దారిలోనే చస్తాయి. మిగిలినవి ఊపిరితిత్తుల్లో స్థిరపడాలంటే అక్కడి నాళపు పొరను మళ్లీ సడలించి బయటికి రావాలి. రొమ్ము కేన్సర్ కణాలు ఏఎన్‌జీపీటీఎల్4 అనే ప్రోటీన్‌తో ఆ పని చేస్తాయని కేన్సర్ పరిశోధకుడు జోన్ మసాగే బృందం 2008లోనే చూపింది. గుమ్మాల సంఖ్య చూసి రోగి గతి చెప్పెయ్యడం తొందరపాటు.

మనుషుల్లో ఏం జరిగిందన్నదానికి జవాబు ఉంది. కీమో ఆపరేషన్‌కి ముందు ఇస్తే ఎలా, తర్వాత ఇస్తే ఎలా అని పోల్చిన పది ప్రయోగాలను, 4,756 మంది వివరాలను కలిపి 2018లో లాన్సెట్ ఆంకాలజీ పత్రిక ప్రచురించింది. 15 ఏళ్లలో దూరపు అవయవాల్లో జబ్బు కనిపించినవాళ్లు ముందు తీసుకున్నవాళ్లలో 38.2 శాతం, తర్వాత తీసుకున్నవాళ్లలో 38.0 శాతం. గడ్డ లోపల ఉండగా ఇచ్చే కీమో జబ్బును తరిమి పాకించేదే అయితే ఈ రెండూ ఇంత దగ్గరగా ఉండవు. రొమ్ములోనే తిరగబెట్టడం మాత్రం మొదటివాళ్లలో కొంత ఎక్కువ. వాళ్లలో రొమ్ము తీసెయ్యకుండా గడ్డ మాత్రమే తీయించుకున్నవాళ్లు ఎక్కువ మరి.

ఆ ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది పాక్లిటాక్సెల్ కాదు కదా, ఆంత్రాసైక్లిన్లు అనే వేరే రకం కీమో మందులు కదా అని ఎవరైనా అడిగితే న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ మందులకు పాక్లిటాక్సెల్ జాతి మందులు తోడైతే మరణాలు ఇంకా తగ్గాయని, మొత్తం సుమారు లక్షమంది వివరాలను పరిశీలించి 2012లో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసం చెప్పింది.

కీమో అక్కర్లేని రొమ్ము కేన్సర్లూ ఉన్నాయి. అది గడ్డ స్వభావాన్ని పరీక్షించి డాక్టరు తేల్చాల్సిన సంగతి, శీర్షిక చూసి ఇంట్లోవాళ్లు తేల్చేది కాదు.

ఇలాంటి పరిశోధనల్ని దాచమని అనడం లేదు. నాళపు పొర గురించి ఇంకా రాయండి, మన పత్రికల్లో వచ్చేదే తక్కువ. కానీ ఎలుకల సంగతి పెద్దక్షరాల్లో వేసినప్పుడు మనుషుల సంగతి పక్కనే ఉండాలి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో, 38.2నీ 38.0నీ పక్కపక్కన వేయండి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, వరంగల్